ఆవిడ జీతం కావాలి, ఆవిడ అప్పు వద్దు!

"మీ ఆవిడకి ముందే హోమ్ లోన్ ఉందా? అయితే నీకు కొత్త లోన్ రావడం కష్టమే బాసూ."

ఇల్లు కొనుక్కోవాలి అని నోరు జారిన రోజు నుంచీ ఈ మాట చెప్పనివాడు పాపాత్ముడు. ఆఫీసు క్యాంటీన్లో చెప్పారు, పెళ్ళి భోజనాల బంతిలో చెప్పారు, ఆఖరికి మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా చెప్పాడు (వాళ్ళ బావమరిదికి అలాగే అయిందట). ఇంతమంది ఇంత నమ్మకంగా చెప్తుంటే అది నిజమే అయ్యుండాలి కదా అనుకుని కాస్త లోపలికి వెళ్ళి చూశాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు: ఈ మాట సగం అబద్ధం. మిగతా సగం నిజమే కానీ, ఆ నిజం బ్యాంకుల గురించి కాదు. మన గురించి.

మా సంగతి నాలుగు ముక్కల్లో. మేమిద్దరం సాఫ్ట్‌వేరే. బోయిన్‌పల్లిలో అద్దెకుంటున్నాం. మా ఆవిడకి 2021లో, అంటే మా పెళ్ళికి రెండేళ్ళ ముందు, కామారెడ్డిలో వాళ్ళ అమ్మానాన్నలకి ఇల్లు కట్టించడానికి లోన్ తీసుకుంది. స్థలం ఆవిడ పేరు మీదే, లోన్ కూడా ఆవిడ ఒక్కదాని పేరు మీదే. నెల నెలా ఈఎంఐ ఆవిడ జీతంలోంచే పోతుంది. ఇప్పుడు మేం ఇక్కడే ఒక ఫ్లాట్ తీసుకుందామనుకుంటున్నాం. బోయిన్‌పల్లే ఎందుకంటే, బాలానగర్ ఫ్లైఓవర్ 2021లో మొదలయ్యాక హైటెక్ సిటీకి పోవడం కాస్త మనుషులు చేసే పనిలా ఉంది. కామారెడ్డి రోడ్డు కూడా మా చౌరస్తా మీదుగానే పోతుంది కాబట్టి అత్తమ్మ వాళ్ళు రావాలన్నా, మేం పోవాలన్నా తేలిక. ఇక ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం రోడ్డు దాకా వేస్తామన్న ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి ఇక్కడ ఇళ్ళు అమ్మేవాళ్ళందరూ ఆ పేరే జపిస్తున్నారు. కారిడార్ సంగతేమో గానీ రేట్లు మాత్రం ఎలివేట్ అయ్యాయి :)

సరే, అసలు విషయానికొద్దాం.

ముందు బ్యాంకు లెక్క

బ్యాంకువాడు మన జీతం చూసి మురిసిపోడు. చేతికొచ్చే జీతంలో ఎంత భాగం కిస్తీలకి పోవచ్చు అని ఒక హద్దు పెట్టుకుంటాడు. దీన్ని వాళ్ళ భాషలో ఫోయిర్ అంటారు. జీతాన్ని బట్టి, బ్యాంకుని బట్టి మారుతుంది కానీ మామూలుగా 50 నుంచి 60 శాతం మధ్య ఉంటుంది. ఇప్పటికే ఉన్న కిస్తీలు (కారు, పర్సనల్ లోన్, పాత హోమ్ లోన్ ఏదైనా) ఆ హద్దులోంచి తీసేస్తాడు. మిగిలిందే కొత్త ఈఎంఐకి చోటు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ తీసివేతలో ఎవరి కిస్తీలు వస్తాయి?

అప్లికేషన్లో ఎవరి ఆదాయం చూపిస్తే వాళ్ళవి. అంతే. సిబిల్ రిపోర్టు పాన్ నంబరుకి కట్టి ఉంటుంది, తాళిబొట్టుకి కాదు. నా రిపోర్టులో మా ఆవిడ లోన్ ఉండదు, ఆవిడ రిపోర్టులో నా క్రెడిట్ కార్డు ఉండదు. ఆవిడ లోన్ కాగితాల మీద నేను కో-అప్లికెంటుగానో గ్యారంటీదారుగానో సంతకం పెట్టి ఉంటే అప్పుడు మాత్రం ఆ అప్పు నాకూ చుట్టుకుంటుంది. అలాంటప్పుడు ఈఎంఐ సగం సగం చేసి చూపించరు. మొత్తం ఇద్దరి రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది, మొత్తానికి ఇద్దరూ బాధ్యులే. సంతకం లేకపోతే పెళ్ళయిన పాపానికి ఆ అప్పు నా నెత్తి మీదకి రాదు.

గుండ్రటి అంకెలతో చూద్దాం (మా అసలు అంకెలు కావు, జీతాలు ఎవరూ చెప్పరు కదా). భర్త చేతికి నెలకి 1,00,000 వస్తుంది, అప్పుల్లేవు. భార్య చేతికి 80,000 వస్తుంది, పాత ఈఎంఐ 30,000. హద్దు 50 శాతం. వడ్డీ 8 శాతం, 20 ఏళ్ళు అనుకుంటే లక్షకి ఈఎంఐ దాదాపు 836 రూపాయలు.

భర్త ఒక్కడే వెళ్తే 50,000 ఈఎంఐకి చోటు ఉంది. అంటే 59 లక్షల 75 వేల దాకా లోన్.

ఇద్దరూ కలిసి వెళ్తే ఆదాయం 1,80,000. సగం 90,000. అందులోంచి ఆవిడ పాత కిస్తీ 30,000 పోతే 60,000. అంటే 71 లక్షల 70 వేలు.

పన్నెండు లక్షలు పెరిగింది. బాగానే ఉంది. ఇప్పుడు ఆవిడ పాత ఈఎంఐ 30,000 కాకుండా 40,000 అనుకోండి. ఇద్దరూ కలిసి వెళ్ళినా చోటు 50,000 మాత్రమే. ఆవిడని కలుపుకున్నా, కలుపుకోకపోయినా ఒకటే. 45,000 అయితే? చోటు 45,000కి పడిపోతుంది, లోన్ 54 లక్షల లోపే వస్తుంది. ఒక్కడే వెళ్ళి ఉంటే వచ్చేదానికన్నా ఆరు లక్షలు తక్కువ!

అంటే సూత్రం చాలా చిన్నది. హద్దు 50 శాతం అయినప్పుడు, భార్య (లేక భర్త) పాత ఈఎంఐ వాళ్ళ చేతికొచ్చే జీతంలో సగం కన్నా తక్కువైతేనే వాళ్ళని కలుపుకోవడం వల్ల లోన్ పెరుగుతుంది. సగానికి సమానమైతే తేడా ఉండదు. సగం దాటితే తగ్గుతుంది. "లోన్ ఉంది కాబట్టి కొత్తది రాదు" అన్నది ఈ మూడో రకం వాళ్ళ అనుభవం. దాన్ని అందరికీ అంటించేశారు.

పాత ఈఎంఐ ఎప్పుడూ పాత ఈఎంఐలాగే ఉంటుందనీ అనుకోకండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి కట్టి ఉంటున్నాయి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. 7 శాతం దగ్గర నెలకి 30,000 కట్టే 20 ఏళ్ళ లోన్ 9.5 శాతం దగ్గర దాదాపు 36,000 అవుతుంది. చాలామందికి బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా ఏళ్ళు పెంచేశాయి, కాబట్టి తెలియలేదు. ఈ వ్యవహారం మీదే ఆర్‌బీఐ 2023 ఆగస్టులో ఒక సర్క్యులర్ ఇచ్చింది: వడ్డీ మార్చినప్పుడు ఈఎంఐ పెంచాలా, ఏళ్ళు పెంచాలా, రెండూనా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళని అడగాలి అని. ఆ తర్వాత 2025లో రెపో నాలుగు విడతలుగా దిగి డిసెంబరుకి 5.25 అయింది. కాబట్టి కొత్త లోన్‌కి వెళ్ళేముందు పాత లోన్ స్టేట్‌మెంటు ఒకసారి తెరిచి చూడండి. తగ్గింపు మీ ఖాతాకి వచ్చిందా, వస్తే ఈఎంఐ తగ్గిందా, ఏళ్ళు తగ్గాయా చూసుకోండి. మూడు నాలుగు వేల ఈఎంఐ తేడాతో కొత్త లోన్ నాలుగైదు లక్షలు అటూ ఇటూ అవుతుంది.

పన్నెండు లక్షలు ఎక్కడికి పోయాయి?

ఇక్కడితో ఆపితే "పన్నెండు లక్షలు ఎక్కువ వస్తుంది కదా, మీ ఆవిడని కలుపుకో" అంటారు. ఆగండి. జీతం హద్దు కాకుండా ఇంకో హద్దు ఉంది.

2015లో ఆర్‌బీఐ పెట్టిన లెక్క ప్రకారం లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, 75 దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపకూడదు. అవి మన జేబులోంచే.

బోయిన్‌పల్లిలో 80 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 80 శాతం అంటే 64 లక్షలు. ఇద్దరి జీతాలూ చూపించి 71 లక్షల అర్హత తెచ్చుకున్నా బ్యాంకు ఇచ్చేది 64. భర్త ఒక్కడే వెళ్తే 59 లక్షల 75 వేలు. అంటే ఆవిడ జీతం, ఆవిడ సంతకం, ఆవిడ 20 ఏళ్ళ పూచీ, ఇవన్నీ కలిపి తెచ్చింది నాలుగు లక్షల పాతిక వేలు. మిగతా 16 లక్షలూ, తెలంగాణలో 2021 నుంచి 7.5 శాతం అయిన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు 6 లక్షలూ ఎలాగూ మనమే పెట్టుకోవాలి.

నాలుగు లక్షల పాతిక వేలు చిన్న మొత్తం అని నేననను. కానీ దానికోసం ఒక మనిషిని రెండో అప్పులో కూర్చోబెట్టడం గురించి కనీసం ఒక సాయంత్రం మాట్లాడుకోవాలి కదా? "అందరూ భార్యాభర్తలిద్దరి పేరు మీదే తీసుకుంటారు" అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టించేస్తున్నాం.

"ట్యాక్స్ కలిసొస్తుంది కదా" అన్నది రెండో వాదన. పాత పద్ధతిలో అది నిజమే. సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా ఒక్కొక్కరికీ మినహాయింపు ఉండేది, ఇద్దరూ యజమానులూ ఇద్దరూ అప్పుదారులూ అయితే నాలుగు లక్షలు. కానీ 2023-24 నుంచి కొత్త పద్ధతే డిఫాల్ట్. అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. మన ఆఫీసుల్లో చాలామంది కొత్త పద్ధతికి మారిపోయాం. పాత పద్ధతిలోనే ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక: రెండు ఇళ్ళని సొంత నివాసంగా చూపించుకున్నా వడ్డీ మినహాయింపు మనిషికి మొత్తం 2 లక్షలే. పాత లోన్ వడ్డీతోనే ఆ కోటా నిండిపోయిన భార్యని కొత్త లోన్‌లో కలిపితే వడ్డీ దగ్గర కొత్తగా వచ్చేదేమీ లేదు. సీనియర్లు చెప్పే సలహా వాళ్ళ కాలానికి సరైనదే, రూల్స్ మారిపోయాయి. ఐదేళ్ళ కింద రాసిన కోడ్ కొత్త వెర్షన్ మీద అలాగే నడుస్తుందని ఎవరూ అనుకోం కదా.

ఒకే పెళ్ళి, నాలుగు లెక్కలు

నాకు బాగా నచ్చిన వింత ఇది. ఒకే మొగుడూ పెళ్ళాల్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చూస్తారు.

బ్యాంకు మమ్మల్ని ఇద్దరు వేర్వేరు మనుషులుగా చూస్తుంది, మేమే కలిసి వస్తే తప్ప.

ఆదాయపు పన్ను శాఖ కూడా వేర్వేరుగానే చూస్తుంది.

ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేటప్పుడు మాత్రం ఒకటే కుటుంబం. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది: ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు లోన్ అయితే మొత్తం 1,80,000 దాకా. కానీ కుటుంబంలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మాకు ఆదాయం దగ్గరే తెగిపోతుందనుకోండి. తక్కువ జీతాలతో కొత్తగా చేరిన జంటల్లో భార్య పేరు మీద ఊళ్ళో ఒక పక్కా ఇల్లుంటే భర్తకీ సబ్సిడీ రాదు. అప్పుడు అది "ఆవిడ ఇల్లు" కాదు, "మీ ఇల్లు".

నాలుగోది అమెరికా. డాలస్‌లో ఉన్న నా స్నేహితుడు చెప్పేదాకా నాకు తెలియదు. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్ళి తర్వాత సంపాదించిందీ, చేసిన అప్పూ ఇద్దరిదీ అన్న సూత్రం ఉంది. అక్కడ ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌కి భర్త ఒక్కడే వెళ్ళినా భార్య అప్పులు కూడా లెక్కలో కలుపుతారు, ఆవిడ సంతకం పెట్టకపోయినా సరే. ఆవిడ జీతం మాత్రం కలపరు! మామూలు కన్వెన్షనల్ లోన్‌లో అలా కలపరు. (2025 మే నుంచి హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లే ఇవ్వడం లేదు కాబట్టి మనవాళ్ళలో చాలామందికి ఇప్పుడు ఆ బాధ కూడా లేదు.) దాంతో పోలిస్తే మన పద్ధతి న్యాయంగా ఉందనే అంటాను. ఏ జీతం తెస్తే ఆ అప్పు. జీతం తేకపోతే అప్పూ రాదు.

ఈ సూత్రం బ్యాంకువాళ్ళకి ఉంది. మనకే లేదు. అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే.

పుట్టింటి అప్పు

మాకు లోన్ ఎంత వస్తుందన్న మాట ఇంట్లో మొదలవగానే మా చిన్నాయన అడిగిన మొదటి ప్రశ్న: "పెండ్లయినంక గూడ పుట్టింటి అప్పు ఈ పిల్ల కట్టుడేందిరా? ఆళ్ళనే కట్టుకొమ్మను."

చిన్నాయన చెడ్డవాడు కాదు. ఆయన వైపు నుంచి చూస్తే అది మా మేలు కోరి చెప్పిన మాటే. ఆఫీసులో బాగా చదువుకున్న దోస్తులు కూడా ఇదే మాట ఇంగ్లీషులో చెప్పారు.

కానీ ఒక్కసారి తిరగేసి చూడండి. అదే నేను మా అమ్మానాన్నలకి ఊళ్ళో ఇల్లు కట్టించి నెల నెలా 30,000 కడుతున్నాననుకోండి. పెళ్ళిచూపుల్లో అది నా క్వాలిఫికేషన్. "అబ్బాయి బుద్ధిమంతుడు, తల్లిదండ్రులకి ఇల్లు కట్టించాడు" అని మధ్యవర్తి అందరికన్నా ముందు చెప్తాడు. పెళ్ళయ్యాక ఆ ఈఎంఐ ఆపేయమని మా ఆవిడ తరఫువాళ్ళు అంటే ఆ పిల్ల మంచిది కాదంటారు. అదే పని అమ్మాయి చేస్తే "అప్పున్న సంబంధం". ఒకే ఈఎంఐ, అబ్బాయి కడితే బాధ్యత, అమ్మాయి కడితే నష్టం!

చట్టం ఈ విషయంలో మనకన్నా ముందుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. హక్కు వచ్చింది కాబట్టి బాధ్యత కూడా ఉండాలి కదా అంటారా? అదీ ఉంది. పెళ్ళయిన కూతురికి కూడా తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా "పిల్లలు" అంటే కొడుకూ కూతురూ ఇద్దరూ అనే రాసింది. పెళ్ళయితే కూతురు ఆ జాబితాలోంచి తప్పుకుంటుంది అని ఎక్కడా లేదు.

చట్టాల సంగతి వదిలేయండి, మామూలు లెక్కే చూద్దాం. ఆవిడ జీతం 80,000 అని తెలిసి పెళ్ళి చేసుకున్నవాడికి అందులో 30,000 ఎక్కడికి పోతోందో కూడా తెలుసు. తెలియకపోతే అడగాలి. ఇప్పుడు ఇల్లు కొనేటప్పుడు మాత్రం 80,000 మొత్తం మన ఆదాయం అయిపోవాలి, 30,000 మాత్రం వాళ్ళ అప్పుగానే ఉండిపోవాలి. ఈ లెక్క ఏ బ్యాంకులోనూ పాస్ కాదు. ఇంట్లో మాత్రం ఎందుకు పాస్ కావాలి?

ఈ మాటలు ఎవరి నోట ఎలా పాకాయో కామారెడ్డి దాకా వెళ్ళాయి. మామయ్య ఫోన్ చేశారు. నాకు కాదు, కూతురికి. "బిడ్డా, మీకు ఈ ఇల్లు అడ్డమైతుంటే అమ్మేద్దాం. మేమిద్దరమే కదా, రెండు రూములు కిరాయికి తీసుకుంటం" అన్నారట. ఆయన రిటైరయ్యేదాకా సొంతిల్లు లేకుండా గడిపిన మనిషి. ఇల్లు కట్టిన నాలుగేళ్ళకే, అల్లుడి లోన్ అర్హత కోసం దాన్ని అమ్ముతానన్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఒక లోన్ ఏజెంటు దగ్గర ఇంకా సులువైన ఉపాయం ఉంది. "మేడమ్‌ని హౌస్‌వైఫ్ అని రాసేద్దాం సార్, గొడవుండదు." చూడండి, ఆవిడ జీతం అక్కర్లేదనుకుంటే ఆవిడ ఆదాయం చూపించకుండా నేనొక్కడినే వెళ్ళొచ్చు. అది పూర్తిగా సక్రమమే, దానికి అబద్ధం ఎందుకు? అప్లికేషన్లో తెలిసి తప్పు రాసి సంతకం పెడితే రేపు బ్యాంకు లోన్ వెనక్కి కట్టమని అడగొచ్చు. అయినా ఆరేళ్ళుగా రాత్రి డిప్లాయ్‌మెంట్లు చేస్తున్న మనిషిని కాగితం మీద హౌస్‌వైఫ్ చేసేయడానికి ఆ ఏజెంటుకి అర నిమిషం కూడా పట్టలేదు. హౌస్‌వైఫ్ అయితే తక్కువా అని కాదు. లేనిది రాయడం ఎందుకని.

మరి ఇల్లు ఎవరిది?

నా వాదనకి ఒక గట్టి ఎదురు వాదన ఉంది. అది మా ఆవిడే తెచ్చింది. దాన్ని దాటేస్తే ఈ టపా రాయడంలో నిజాయితీ ఉండదు.

బ్యాంకుల్లో మామూలు పద్ధతి ఏంటంటే, ఇంటికి ఎవరెవరు యజమానులో వాళ్ళందరూ లోన్‌లోనూ ఉండాలి. లోన్‌లో ఉన్నవాళ్ళందరూ యజమానులు కానక్కర్లేదు. అంటే "నిన్ను అప్పులోంచి తప్పిస్తున్నా" అని నేను గొప్పగా చెప్తే, "ఇంట్లోంచి కూడా తప్పిస్తున్నావు" అని దానర్థం. ఈఎంఐ నా జీతంలోంచి పోతే సరుకులు, కరెంటు, స్కూలు, ఆస్పత్రి ఆవిడ జీతంలోంచి పోతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత నా ఖర్చు ఇల్లుగా మిగులుతుంది, ఆవిడ ఖర్చు బిల్లులుగా మిగులుతుంది. ఇది న్యాయమా? కాదు.

దారులు లేకపోలేదు. ఆవిడ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకుండా పేరు మాత్రం చేర్చే పద్ధతి కొన్ని బ్యాంకుల్లో ఉంది. అడిగితేనే చెప్తారు. కానీ సంతకం సంతకమే, రేపు నేను కట్టలేకపోతే ఆవిడనీ అడుగుతారు. రెండోది, ఇప్పుడు నా ఒక్కడి పేరు మీద తీసుకుని లోన్ తీరాక వాటా రాసివ్వడం. తాకట్టులో ఉండగా బ్యాంకు ఒప్పుకోకుండా రాయడం కుదరదు. మూడోది, ఈ రోజే వీలునామా రాసి రిజిస్టర్ చేయించడం, దానితోపాటు లోన్‌కి సరిపడా టర్మ్ పాలసీ తీసుకోవడం. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆరో సెక్షన్ కింద తీసుకుంటే ఆ పాలసీ సొమ్ము భార్యాపిల్లలకే చెందుతుంది, భర్తకి అప్పిచ్చినవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. నూట యాభై ఏళ్ళ నాటి చట్టం, పాలసీ తీసుకునేటప్పుడు ఒక ఫారం నింపితే చాలు, మన ఆఫీసుల్లో వందమందిలో పదిమందికి కూడా తెలిసినట్టు లేదు.

మేం మూడోదానికి వచ్చాం, మొదటిది ఇంకా అడుగుతున్నాం. ఏది వద్దో, ఏది కావాలో తేల్చింది ఆవిడే. "నాకు ఒక లోన్ చాలు. రెండోదాని మీద సంతకం పెట్టమంటే ఎందుకు పెట్టాలో నాకు అర్థమైతేనే పెడతా" అంది. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినపడితే బాగుండు.

కామారెడ్డి ఇల్లు అమ్మడం లేదు. మూడు బెడ్‌రూముల కొత్త ఫ్లాట్ బదులు, నా జీతానికి వచ్చే లోన్‌తో రెండు బెడ్‌రూముల పాత ఫ్లాట్ చూస్తున్నాం. ఇది రాసే సమయానికి కాగితాలు బ్యాంకు లాయరు దగ్గరున్నాయి. ఇక్కడ కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట: బోయిన్‌పల్లి, ఆ చుట్టుపక్కల కొంత కంటోన్మెంట్ బోర్డు కింద, కొంత నగరపాలక సంస్థ కింద ఉంటుంది. కంటోన్మెంట్‌లో ఓల్డ్ గ్రాంట్ భూముల్లో కట్టడం మాత్రమే మనిషిది, నేల ప్రభుత్వానిది. అలాంటిచోట మీ జీతం ఎంతున్నా, మీ ఆవిడ లోన్ ఉన్నా లేకపోయినా ఫైలు ముందుకి కదలదు. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు లాయరు, ఆ తర్వాతే ఫోయిర్.

చివరగా

ఇంట్లో ఒకరికి పాత లోన్ ఉండి ఇంకొకరు కొత్తదానికి వెళ్ళేవాళ్ళు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇద్దరి సిబిల్ రిపోర్టులూ తెప్పించుకోండి (ఏడాదికి ఒకటి ఉచితమే). పాత ఈఎంఐ జీతంలో సగం కన్నా తక్కువో ఎక్కువో చూడండి. లోన్ అర్హతని ఇంటి విలువలో 80 శాతంతో పోల్చండి, రెండిట్లో ఏది తక్కువో అదే మీకొచ్చేది. ఇద్దరూ కలవడం వల్ల నిజంగా ఎంత పెరుగుతోందో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ చూడండి. పాత లోన్ కొద్దిగానే మిగిలి ఉంటే ముందు దాన్నే తీర్చేయడం మంచిది. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012 నుంచీ రూలుంది. తీరాక 30 రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే, ఆ ఆలస్యం బ్యాంకుదే అయితే, రోజుకి 5,000 చొప్పున వాళ్ళే మీకివ్వాలి. ఇది 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

ఇవన్నీ గంట పని. కష్టమైంది మిగతాదే. జీతాన్ని "మనది" అనీ, అప్పుని "నీది" అనీ పిలిచే అలవాటు మానుకోవడం. పెళ్ళికి ముందు జాతకాలు చూస్తాం, ప్యాకేజీ చూస్తాం. ఎవరి మీద ఏ బాధ్యత ఉంది, దాన్ని పెళ్ళి తర్వాత ఎలా మోద్దాం అని మాత్రం అడగం. అడిగితే మర్యాద కాదనుకుంటాం. అడక్కుండా ఉండి, తర్వాత కామారెడ్డిలో ఒక పెద్దాయన చేత "ఇల్లు అమ్మేద్దాం బిడ్డా" అనిపించుకోవడం మాత్రం మర్యాదా?

మా ఆవిడ జీతం కావాలనుకున్న రోజు ఆవిడ ఈఎంఐ కూడా నాదే. అది వద్దనుకుంటే ఆవిడ జీతం లెక్కలో వేసుకునే హక్కు నాకు లేదు. బ్యాంకు వాడికి తెలిసిన ఈ చిన్న లెక్క మన ఇళ్ళలో తెలియడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో!